యెషయా నెత్తుటి చుక్కను చూసి దిగబోయిన విమానం

ఇప్పుడు శంషాబాద్ అంటే అందరికీ విమానాలే. తొంభైల్లో ఆ నేలంతా ద్రాక్ష తోటలు. రాతి కడీలు పాతి, ఇనుప తీగలు గుంజి, వాటి మీదికి పందిరి పాకించేవాళ్లు. చలి పోయి ఎండ ముదురుతుంటే కోత మొదలయ్యేది. ఇగ అప్పట్నుంచి ఊరంతా ఒకటే తియ్యటి వాసన. బెంగుళూరు రోడ్డు పక్కన భారతమ్మ చాయ హోటల్లో బెంచీ అంటుకునేది, తలుపు గొళ్లెం అంటుకునేది, గ్లాసులైతే చేతిని విడిచేవి కావు. కోత ఉన్నన్నాళ్లూ భారతమ్మ గ్లాసులను బూడిదేసి తోమేది. లోపల ఒకసారి తోమితే బయట రెండుసార్లు.

ఆ వాసన తలచుకుంటే వెంటనే యెషయా గొంతు కూడా గుర్తొస్తుంది.

యెషయా మెటడోర్ వ్యాను నడిపేవాడు. సాయంత్రం తోటలో ద్రాక్ష డబ్బాలు తనే మోసి బండికి ఎక్కించుకునేవాడు, తెల్లారుజామున కొత్తపేట మార్కెట్లో దించేవాడు. ఎక్కించడం అయిపోగానే బండిని హోటల్ పక్కన నిలిపి బెంచీ నడుమ కూర్చునేవాడు. కొసకు కూర్చోవడం అతనికి చేతకాదు. ఆదివారం తెల్లచొక్కా వేసుకొని చర్చిలో అందరికంటే గట్టిగా పాడేవాడు, మిగతా రోజులు ఈ బెంచీ మీద అందరికంటే గట్టిగా కోతలు కోసేవాడు. ఒకసారి బండికి బ్రేకులు పోతే కాళ్లు కింద పెట్టి ఆపానన్నాడు. ఇంకోసారి కందుకూరు అంగట్లో ఎద్దుతో బేరమాడి కొన్నానన్నాడు. ఆసామితో కాదు, ఎద్దుతోనే. అబద్ధమని అందరికీ తెలుసు. అయినా అతను రాని సాయంత్రం జనం ఒక్క చాయ తాగి లేచిపోయేవాళ్లు, వచ్చిన సాయంత్రం ఇంకోటి పొయ్యమనేవాళ్లు.

భారతమ్మ ఇవన్నీ పొయ్యి దగ్గర నిలబడి వినేది. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. మగవాళ్ల నడుమ నోరు విప్పాలంటే ఆమెకు ప్రాణం మీదికొచ్చేది. ఆమె మాటలన్నీ చాయలోనే ఉండేవి. ఎవరికి పాలు ఎక్కువ, ఎవరికి అల్లం, ఎవరికి ఎన్ని చెంచాల చక్కెర, అడగకుండానే చేతికిచ్చేది.

ఒక ఏడు కోత నడుమ ఒక ఆదివారం నాడు చర్చి ఆవరణలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. పట్నం నుంచి వచ్చిన డాక్టరు అరచేతిలో పట్టేంత మిషన్ ఒకటి తెచ్చాడు. దాని సంగతి ఊరి నర్సు జెరూషా అందరికీ విడమరిచి చెప్పింది. వేలికి సూది గుచ్చి ఒక చుక్క నెత్తురు చిన్న అట్టముక్క మీద పెడతారు. నెత్తురులో చక్కెర ఎంతుంటే అట్ట అంత ముదురు నీలం తిరుగుతుంది. మిషన్ లోపల చిన్న లైటు ఉంటుంది. అది ఆ రంగు మీద పడి వెనక్కి వస్తుంది. ఎంత వెలుగు వెనక్కి వచ్చిందో చూసుకొని మిషన్ అంకె చూపిస్తుంది. లైటుతో నెత్తురును చూడడం ఊళ్లో ఎవరూ ఎరగరు. తోటలో ఆదివారం కూడా కోతే కాబట్టి, కూలీలంతా అన్నం గంటలో ఉరుక్కుంటూ పోయి వరసలో నిలబడ్డారు.

భారతమ్మ పెనిమిటి బిక్షం కూడా నిలబడ్డాడు. అతనిది సేటు ద్రాక్ష తోట షెడ్డులో పని. గుత్తుల్లోంచి చితికిన పండ్లు ఏరేసి, మంచివి డబ్బాల్లో పేర్చడం. మిషన్ అతని అంకె చూపించేసరికి డాక్టరు నొసలు ముడిచాడు. చక్కెర చాలా ఎక్కువుంది, గురువారం పరగడుపున పట్నం దవాఖానకు రా, నరంలోంచి నెత్తురు తీసి సరిగ్గా చూస్తాం అన్నాడు.

బిక్షం తలూపి, తోటకు తిరిగి పోకుండా ఇంటికొచ్చి పడుకున్నాడు. వాళ్ల నాయనకు షుగర్ ఉండేది. ముందు బొటనవేలు తీశారు, తర్వాత పాదం తీశారు, తర్వాత మోకాలి దాకా తీశారు. అప్పుడు నాయనను వీపు మీద మోసుకొని దవాఖాన చుట్టూ తిరిగింది బిక్షమే. ఇప్పుడు చాయ మానేశాడు, అన్నం సగం చేశాడు, పొద్దున లేస్తూనే కాలి వేళ్లను ముట్టి చూసుకుంటున్నాడు. దవాఖానకు మాత్రం రానన్నాడు. పోతే కదా తీసేది అన్నాడు. భారతమ్మ బతిమిలాడింది, ఏడ్చింది, మాట్లాడడం మానేసింది. అతను కదలలేదు. అట్లా బుధవారం సాయంత్రం అయింది. తెల్లారితే గురువారం.

ఆ సాయంత్రమే యెషయా వచ్చాడు. ఆదివారం తర్వాత మళ్లీ అప్పుడే రావడం. అతను మూడు చెంచాల మనిషి. ఆ వేళ మాత్రం పొయ్యి దాకా నడిచొచ్చి, ఎవరికీ వినబడకుండా, "చెల్లె, చక్కెర ఎయ్యకు" అన్నాడు. గ్లాసు అందుకొని, బెంచీ నడుమ కూర్చొని, అందరి దిక్కూ చూసి గట్టిగా నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఎవరికీ తెలియలేదు. భారతమ్మకు కొంచెం తెలిసింది.

పక్కన సైకిల్ దుకాణం కొండల్ అప్పటికే కాచుకొని ఉన్నాడు. యెషయాను గెలకడం అతనికి రోజూ ఉండే పని. మిషన్ నీకు కూడా షుగర్ చెప్పిందట కదన్నా అని మెల్లగా తీగ లాగాడు.

యెషయా చాయ ఒక్క గుటక మింగి, మొహం చిట్లించి, గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"షుగరా? షుగర్ అందరికీ వస్తది. సేటుకొస్తది, పంతులుకొస్తది. నాకొచ్చింది షుగరని ఎవలన్నరు నీకు? చూడు కొండల్, నేను గొప్పలు చెప్పుకునేటోన్ని గాదు. సూది పెడితే రెప్ప కొట్టలే, గంతే. గీ ముత్తయ్య తాత సూది చూసి కొడుకును పిలిచిండు, నేను ఎవల్నీ పిలువలే."

తోట కావలి ముత్తయ్య ముసలాయన. ఏది చెప్పినా నమ్మేవాడు, నమ్మి మళ్లీ అడిగేవాడు. తాను కొడుకును నీళ్లు తెమ్మని పిలిచానని అన్నాడు గాని ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

"రెప్ప కొట్టలే అన్ననా? ఎందుకు కొట్టలేదంటే అసలు సూది దిగలే. ఇరవై ఏండ్ల సంది డబ్బాలు మోసిన వేలు, అది తోలా లారీ టైరా? మొదటి సూది వంగింది. రెండోదీ వంగింది. మూడోది పట్టుకొని జెరూషమ్మ అన్నది, అన్నా, నాతోని గాదు, జర నువ్వే లోపల్నించి నూకు అన్నది. నేను లోపల్నించి నూకిన. గప్పుడొచ్చింది చుక్క. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"మిషన్ వంగింది" అన్నాడు కొండల్.

"వంగలే, ఒణికింది. మీ చుక్కలు పెడితే లైటు ఒకసారి చూసి అంకె చెప్పింది. నా చుక్క పెట్టంగనే ఒకసారి చూసింది, ఇంకోసారి చూసింది, కండ్లు నలుపుకొని మల్ల చూసింది. అంకె పెట్రోల్ బంకుల మీటర్ లెక్క ఉరికింది. వంద, మూడొందలు, వెయ్యి, లక్ష. ఇగ అంకెలు అయిపోయినయ్. అంకెలు అయిపోయినంక అక్షరాలు పడ్డయ్, దేవుని సాచ్చెంగ. ఇంగ్లీషు అక్షరాలు. డాక్టరు అవి చదివి లేచి నిలబడ్డడు. గిసొంటి మనిషి శంషాబాద్‌ల ఉన్నడని మాకెవ్వరు చెప్పలేదే అన్నడు."

అక్షరాలు పడ్డ మాట నిజమే. చక్కెర మిషన్ లెక్కకు మించితే అంకెకు బదులు అక్షరాలు వస్తాయని జెరూషా ఆ రోజే చెప్పింది. యెషయా వరసలో ఆ అక్షరాలు చూసి, ఎవరితో మాట్లాడకుండా, టోపీ తీసి చంకలో పెట్టుకొని పోవడం కూడా జనం చూశారు. కానీ బెంచీ మీద కూర్చున్నాక అదంతా వేరే అయిపోయింది. అప్పటికప్పుడు డాక్టరు తనను జీపులో ఎక్కించుకున్నాడన్నాడు. ఆరాంఘర్ దగ్గర బస్సులన్నీ పక్కకు జరిగి దారి ఇచ్చాయన్నాడు. పోలీసు సెల్యూట్ కొట్టాడన్నాడు, అది డాక్టరుకు కాదు, తన వేలికి. పట్నం పెద్ద దవాఖానలో తలుపు తీస్తే లోపల ఇంకో మిషన్ ఉందన్నాడు. దాని ముందు ఇక్కడి మిషన్ పిల్ల.

"నా మెటడోర్ కంటే ఇంత పొడుగు. ఒక దిక్కు లైటు, నడుమ మూడు మూలల గాజు, ఇంకో దిక్కు తెల్లగోడ. లైటు గాజులకెళ్లి పోతే గోడ మీద ఏడు రంగులు పడ్తయ్, సింగిడి తీర్గ. ఎవలి నెత్తురన్నా లైటు ముంగట పెడితే అండ్ల ఒక రంగు తగ్గుతది. ఏ రంగు తగ్గితే ఆ రోగం. కండ్లు పచ్చబడే పసిరికలైతే ఒక రంగు తగ్గుతది, నెత్తురు తక్కువైతే ఇంకో రంగు తగ్గుతది. నాది పెట్టిండ్రు. తగ్గలే. తొమ్మిదైనయ్."

"ఏడు తొమ్మిదెట్ల అయితయిరా?" అన్నాడు ముత్తయ్య.

"అయినయ్ తాతా. ఒకటి ఎన్నడు చూడని రంగు, దానికి పేరు లేదు. ఇంకోటి మనిషికి కనబడది, బర్రెలకే కనబడ్తది. డాక్టరు అందుకే బర్రెను తోలుకరమ్మని మనిషిని పంపిండు."

బెంచీలు కదిలేలా నవ్వారు. ఆ నవ్వు తగ్గకముందే అతను ఇంకో మెట్టెక్కాడు. ఆ రంగులను డాక్టర్లు పుస్తకం చదివినట్టు చదివారన్నాడు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఒక మూలన కనబడిందన్నాడు. బడంగ్‌పేట్ పెళ్లిలో తిన్న మటన్ ఇంకో మూలన కనబడిందన్నాడు, మూడుసార్లు వడ్డించుకున్నట్టు కూడా తెలిసిపోయిందన్నాడు. లైటు నెత్తురులోంచి పోతే మనిషి దాచుకున్నదంతా గోడ మీద పడాల్సిందే, ఆపడం ఎవడి తాతతోనూ కాదన్నాడు.

"మరి కల్లు కనబడలేదా అన్నా?" అన్నాడు కొండల్.

"కల్లు తెల్లగుంటది కదరా. తెల్లగోడ మీద ఎట్ల కనబడ్తది?"

ఇప్పుడు ముత్తయ్య కూడా నవ్వాడు. నవ్వనిది ఒక్క బిక్షమే. అతను వెనక బెంచీ కొసకు, కాళ్లు దగ్గరికి ముడుచుకొని కూర్చున్నాడు. ముందర చాయ లేదు. మొదట్నుంచీ వింటూనే ఉన్నాడు, కానీ అందరూ విన్నట్టు కాదు. పెద్ద దవాఖానకు పోయి తిరిగొచ్చిన మనిషి మాటల్లా విన్నాడు. నవ్వులన్నీ సద్దుమణిగాక నోరు తెరిచాడు.

"బావా, గా పెద్ద మిషన్ల చూసినంక కాలు ఉంచుతమన్నరా, తీస్తమన్నరా?"

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. భారతమ్మ దించడం మరిచిపోయింది.

యెషయా చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, కింద తన చెప్పులను చూసుకున్నాడు. కాలి వేళ్లు ఒకసారి కదిపాడు.

"కాలు సంగతి... వాళ్లు ఎత్తలే బావా" అన్నాడు చిన్నగా.

ఆ గొంతు విని భారతమ్మకు అర్థమైంది. ఇతను పట్నం పోలేదు, జీపు ఎక్కలేదు. చక్కెర లేని చాయ తాగుతూ, రాత్రిళ్లు తన కాలి వేళ్లు తను ముట్టి చూసుకుంటూ, బిక్షం ఇంట్లో పడుకొని చేసిందే ఇతను బండిలో కూర్చొని చేసి ఉంటాడు. ఒకరు ముడుచుకున్నారు, ఒకరు పొంగిపోతున్నారు. భయం ఒకటే.

యెషయా తల విదిలించాడు. మాట ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి తప్పించుకోవడానికి ఇంకా పెద్దది కావాలి కదా.

"కాలు గాదు బావా, అసలు కథ ఇను. గంతలనే కరెంటు పోయింది. దవాఖానంత చీకటి. కానీ నా చుక్క ఆరలే. లైటు బందైనా చుక్కలకెళ్లి వెలుగు వస్తనే ఉన్నది. అండ్ల గంత తీపి నిండి ఉన్నది మరి, వెలుగును తాగి దాచుకున్నది. నర్సులు ఆ వెలుగుల సూదుల్ల దారాలు ఎక్కించిండ్రు. ఆ వెలుగు కిటికీలకెళ్లి బయటపడ్డది. పహాడీ షరీఫ్ గుట్ట మీద పావురాలు తెల్లారిందనుకొని లేచి, గింజలేవని మనుషుల్ని లేపినయ్. ఇది ఈడ ఉంటే పట్నం నిద్రపోదని డాక్టరు ఆ చుక్కను సీసాల పెట్టి నా చేతికిచ్చిండు. నేనేం జేసిన? ఇంటికి తెచ్చి బండి హెడ్‌లైట్ల బల్బు తీసి, సీసా పెట్టిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

ఈసారి కొండల్ కూడా అడ్డం రాలేదు. బేగంపేటలో దిగాల్సిన విమానం ఒకటి పైనుంచి పోతుంటే, కిందినుంచి ఇంత లావు వెలుగు కనబడేసరికి డ్రైవరు ఇదే కాబోలు విమానాల అడ్డా అనుకొని బండి మన శంషాబాద్ మీదికి తిప్పాడట. ద్రాక్ష పందిళ్ల మీద రెండు చుట్లు కొట్టాడట. చక్రాలు కూడా బయటపెట్టాడట. గాలికి ఆకులన్నీ తిరగబడ్డాయట. యెషయా తన మెటడోర్ పైకెక్కి, తుండు విప్పి ఊపుతూ, ఇది కాదన్నా, సీదా పో, ఆరాంఘర్ దాటినంక ఎడమ దిక్కు తిప్పుకో అని అరిచాడట. డ్రైవరు అద్దం దించి, సరే గాని ఒక డబ్బా ద్రాక్ష ఇటు విసురు అన్నాడట. యెషయా విసిరాడట.

"అందిందా?" అన్నాడు ముత్తయ్య.

"అందకేం? ఖాళీ డబ్బా మల్ల కిందికేసిండు. రేపు చూపిస్త."

కొండల్ కడుపు పట్టుకొని పక్క మనిషి మీదికి ఒరిగాడు. శంషాబాద్‌లో విమానం దిగడమా అన్నారు. దిగితే ఎక్కడ దిగుతది, సేటు పందిరి మీదనా, భారతమ్మ రేకుల మీదనా అన్నారు. ద్రాక్షల నడుమ విమానం అన్న మాటకు నవ్వినట్టు ఆ హోటల్లో అంతకుముందు ఎప్పుడూ ఎవరూ నవ్వలేదు. యెషయా నిలబడి రెండు చేతులూ చాపి విమానం వంపు తిరగడం చూపిస్తున్నాడు. నా నెత్తురుల గంత తీపి ఉన్నదని లోకమంతా తెలిసిపోయిందంటున్నాడు.

భారతమ్మ మాడిన పాలు పక్కన పెట్టి, ఖాళీ గ్లాసులు ఏరడానికి వచ్చింది. యెషయా గ్లాసు దగ్గర చెయ్యి ఆగింది.

చీమలు పట్టాయి. బెంచీ కాలు మీదుగా నల్లటి వరస పాకి గ్లాసు ఎక్కుతోంది. ఇది చక్కెర వెయ్యని చాయ. తన చేత్తో పోసింది. చీమలు లోపలికి పోవడం లేదు. గ్లాసు బయట, మూడు వేళ్ల గుర్తులున్న చోట మూగాయి. ఆమె గ్లాసును ముట్టుకుంది. వేలు అంటుకుంది. ఆ నెలలో ఊళ్లో ప్రతి గ్లాసూ అంటుకున్నట్టే అంటుకుంది. ఇతను ఇప్పుడే తోటలో డబ్బాలెక్కించి, అదే చేత్తో చాయ పట్టుకున్నాడు.

ఆమెకు ఆదివారం గుర్తొచ్చింది. బిక్షం షెడ్డులోంచి నేరుగా వరసలోకి పోయాడు. ఆ రోజు అతని తుండు ఉతికితే నీళ్లు ద్రాక్ష వాసన కొట్టాయి. చితికిన పండ్ల రసం పొద్దంతా పట్టుకున్న వేలు అది. ఆ వేలికే సూది గుచ్చారు. ఆ వేలి మీద నుంచే చుక్క అట్ట మీదికి దిగింది. లైటు దాన్నే చూసింది.

చెబితే తప్పయితే? చెబితే, చక్కెర వద్దని యెషయా తనకొక్కదానికే చెప్పిన మాట బయటపడుతుంది. అందరూ నవ్వుతున్నారు. బిక్షం మళ్లీ కాళ్లు ముడుచుకుంటున్నాడు.

"యెషయన్నా" అంది.

ఆమె గొంతు ఆ బెంచీల దాకా రావడం అదే మొదటిసారి. అందుకే అందరూ తిరిగారు. యెషయా చేతులు విమానం రెక్కల్లా అట్లాగే ఉండిపోయాయి.

"ఆదివారం నాడు సూది పెట్టకముందు చెయ్యి కడుక్కున్నవా?"

"చెయ్యా?"

"ఆ. నీళ్లతోని."

"నల్లా ఎండిపోయిండె కద చెల్లె. చర్చి కాంగనే తోటల డబ్బాలెత్తి అట్లనే ఉరికొచ్చిన, తుండుకు తుడుసుకున్న. జెరూషమ్మ దూదితోని గిట్ల రాసింది, గంతే. ఎందుకు?"

భారతమ్మ గ్లాసు ఎత్తి చూపించింది.

"గీ చాయల నేను చక్కెర ఎయ్యలే అన్నా. మరి చీమలు దేనికొచ్చినయ్? చాయ దిక్కు ఒక్కటన్న పోతున్నదా చూడు. నీ వేళ్లు పెట్టిన కాడనే ఉన్నయ్."

ముత్తయ్య కళ్లు దగ్గరికి పెట్టి చూశాడు. నిజమే, వేళ్ల కాడనే ఉన్నయ్ అన్నాడు. కొండల్ గ్లాసు చూశాడు, యెషయా చేతులు చూశాడు, మళ్లీ గ్లాసు చూశాడు. అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"అరే, అంటే విమానం దిగబోయింది నీ నెత్తురును చూసి గాదన్నా. సేటు పండ్లను చూసి."

అప్పుడు లేచిన నవ్వుకు రోడ్డు మీద పోయే సైకిలు కూడా ఆగింది. లక్ష అంకె పడిపోయింది, తొమ్మిది రంగులు పడిపోయాయి, పావురాలు మళ్లీ నిద్రపోయాయి. యెషయా రెక్కలు దించి, తన వేళ్లను మొహం దగ్గరికి తెచ్చుకొని, ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

బిక్షం నవ్వలేదు. లేచి నిలబడ్డాడు. తన అరచెయ్యి వాసన చూసుకున్నాడు. ఆదివారం తర్వాత అతను కాలు సంగతి కాకుండా అడిగిన మొదటి మాట అదే.

"జెరూషమ్మ ఇప్పుడు ఇంట్ల ఉంటదా?"

ఉంది. అందరూ కలిసి పోయేసరికి చర్చి వెనక గదిలో అన్నం వండుకుంటోంది. మిషన్ ఇంకా ఆమె దగ్గరే ఉంది. పక్క ఊరి శిబిరానికి తీసుకుపోవడానికి డాక్టరు మళ్లీ రావాలి. సంగతంతా భారతమ్మ నోట విని ఆమె గరిటె పక్కన పెట్టింది. ఆదివారం పొద్దున అందరి చేతులూ కడిగించానని, తోట వాళ్లొచ్చేసరికి నల్లా ఎండితే దూదితో సరిపెట్టామని చెప్పింది. తోట వాళ్ల అంకెలన్నీ ఒక్క తీరుగా ఎక్కువ రావడం చూసి డాక్టరు కూడా అనుమానపడ్డాడట. అందుకే నరంలోంచి తీసి చూద్దామన్నాడట. మిషన్ మాటే ఆఖరు మాట కాదని ఆయన చెప్పాడు గాని, వినే స్థితిలో ఎవరున్నారు?

బిక్షం సబ్బు పెట్టి చేతులు కడిగాడు. జెరూషా చాలన్నా ఆపలేదు. మోచేతుల దాకా కడిగాడు. సూది గుచ్చితే కళ్లు మూసుకున్నాడు. అట్టముక్క మిషన్లోకి పోయింది. లైటు చూడాల్సింది చూసింది. జెరూషా అంకె చదివి, "అన్నా, నీకేం లేదు, అందరికెంత ఉంటదో గంతే ఉన్నది" అంది.

బిక్షం గోడకానుకొని మెల్లగా కింద కూర్చున్నాడు. రెండు కాళ్లూ ముందుకు చాపాడు. ఆదివారం నుంచి అతను కాళ్లు చాపి కూర్చోవడం భారతమ్మ చూడలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకు కాదు.

యెషయా అప్పటికే గడప దాటుతున్నాడు. బండి రోడ్డుకడ్డం ఉందన్నాడు, డబ్బాల మీద బట్ట కప్పలేదన్నాడు.

"అన్నా, రా" అంది భారతమ్మ.

అతను వచ్చాడు. చేతులు కడిగాడు. సూది మొదటిసారికే దిగింది. ఈసారి అక్షరాలు పడలేదు, అంకె పడింది. ఆదివారం కంటే చాలా తక్కువ. కానీ బిక్షం అంకె దాకా దిగలేదు. జెరూషా మిషన్ను పక్కన పెట్టింది. మొత్తం పండ్ల తీపి కాదన్నా, కొంత నీది కూడా ఉన్నది, రేపు తప్పకుండా పోవాలె అంది. ఇప్పుడే దొరికింది కాబట్టి మందు వాడి నోరు కట్టుకుంటే కాలికేం కాదంది.

తలుపు దగ్గర కొండల్ నిలబడి ఉన్నాడు. ఏదన్నా అంటాడేమోనని అందరూ చూశారు. "నోరు కట్టుకోవాల్సింది తిండి కాడనేనా జెరూషమ్మా, మాటల కాడ కూడానా?" అన్నాడు. అడిగిన తీరు మెత్తగానే ఉంది.

"తిండి కాడనే."

యెషయా కడిగిన వేలును దీపం వెలుగుకు పట్టి చూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"చూసిండ్రా? సబ్బు పెట్టి కడిగినా పోలే. సేటు పండ్లది సేటుకు పోయింది. గీ మిగిలింది నా సొంతం."

ఎవరూ నవ్వలేదు. బిక్షం గోడ పట్టుకొని లేచి, అతని పక్కన నిలబడ్డాడు.

"రేపు నేను గూడ వస్త బావా. డాక్టరు నన్ను గూడ రమ్మన్నడు కద. ముందుగాల నేను కూసుంట, నా ఎనుక నువ్వు కూసో."

తెల్లారి పట్నం బస్సు హోటల్ ముందే ఆగింది. యెషయా చీకట్లోనే కొత్తపేటలో డబ్బాలు దించి తిరిగొచ్చాడు. ఇద్దరూ పరగడుపున, తలకు నూనె పెట్టుకొని, ఉతికిన బట్టల్లో వచ్చారు. బోరింగ్ దగ్గర ఒకరికొకరు నీళ్లు కొట్టుకొని చేతులు కడిగారు. నరంలోంచి తీసే నెత్తురుకు చేతులు కడగడమెందుకని భారతమ్మ అనుకుంది గాని అనలేదు. కడిగిన చేతులు మళ్లీ దేనికీ తగలకూడదని ఇద్దరూ మొహాల ముందర పైకెత్తి పట్టుకున్నారు. అట్లాగే బస్సెక్కబోయారు. కడ్డీ పట్టుకోకుండా ఎట్లా ఎక్కుతారని కండక్టరు కసిరితే, కొండల్ పరుగెత్తుకొచ్చి వెనక నుంచి ఇద్దరినీ లోపలికి నూకాడు.

కిటికీ పక్కన ఇద్దరూ చేతులెత్తుకొని కూర్చున్నారు. బస్సులో అందరూ వాళ్లనే చూస్తున్నారు. చూస్తుంటే యెషయా ఊరుకుంటాడా? ముందు సీట్లో ఆడమనిషి వైపు వంగి, నేను గొప్పలు చెప్పుకునేటోన్ని గాదక్కా అని మొదలుపెట్టాడు. బిక్షం మెడ తిప్పి భారతమ్మను చూశాడు. వచ్చినంక చక్కెరేసి చాయ పొయ్యమని సైగ చెయ్యబోయి, చేతులు ఖాళీ లేక, తల మాత్రమే ఊపాడు.

బస్సు కదిలింది. ఇంజను చప్పుడులో యెషయా మాటలు సగం వినబడ్డాయి, సగం పోయాయి. ఆఖరుకు భారతమ్మ చెవిన పడ్డది ఒక్క మాటే. రెండు విమానాలు అంటున్నాడు.